అతుకు

షిప్‌యార్డులో నా పని ఇనుముని వినడం.
రెండు పలకలు కలిసిన చోట జెల్లు పూసి
ప్రోబు ఆనించి లోపలికి శబ్దం పంపుతాను.
తిరిగొచ్చిన గీతని చూసి చెబుతాను
ఇక్కడ గాలిబుడగ, ఇక్కడ పగులు,
ఈ అతుకు నీళ్ళకి ఆగుతుంది, ఇది ఆగదు.
పదకొండేళ్ళు. ఒక్కసారే తప్పు చెప్పాను.

మహారాణిపేట స్కానింగ్ గదిలో
రత్నం పొట్ట మీద అదే జెల్లు.
"సల్లగుంది" అని నవ్వింది.

అంతకు రెండ్రోజుల ముందు గాజువాకలో చూసినావిడ
"సంచి కిందికి జారిపోతోంది, నిలవదు,
పొద్దున్నే పరగడుపున రండి, కడిగేద్దాం" అంది.
పది నిమిషాల పనంది.
ఆ రాత్రి మా హరిణికి జ్వరం రాకపోతే
వెళ్ళిపోయేవాళ్ళమే.
పెదగంట్యాడలో నర్సు చేసే మా వదిన
జ్వరం మందుతో వచ్చి, ఆ కాయితం చూసి,
"ముందు సిజేరియనైన మనిషి, ఇంత కిందనుందేటి?
ఇంకోసారి సూపించండి" అంది.

డాక్టర్ సువర్చల మాట్లాడకుండా చూసింది.
పైన గది ఖాళీ.
కింద గుమ్మం ఖాళీ.
మధ్యలో, నాలుగేళ్ళ కిందట హరిణిని తీసిన కోత దగ్గర
గోడలోకి దూరి కూర్చుంది.
ప్రోబుతో మెల్లగా నొక్కింది.
జారిపోయేదైతే కదలాలట.
కదల్లేదు.
చుట్టూ ఎర్రగా, నీలంగా నెత్తురు పరుగు.
"మూత్రసంచికీ దీనికీ మధ్య రెండు మిల్లీమీటర్లుంది."

రెండు మిల్లీమీటర్లు నాకు తెలుసు.
ఆ రేకుతో మేం ఓడ కట్టం,
సామాన్ల బీరువాకి తలుపులు చేస్తాం.

అతుకులో చుక్క కనబడితే మేం సుద్దతో సున్నా చుడతాం,
గీకేసి మళ్ళీ అతుకుతారు.
ఈ చుక్క మినుకుమినుకుమంటోంది.
మా గీతల్లో ఏదీ కొట్టుకోదు.

"గుండేనా?" అంది రత్నం.
"గుండే."
"ఉంచితే?"
డాక్టరు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.
ఆ కూర్చోవడంలోనే నాకు తెలిసిపోయింది.

"నానేటి సేసినాను? బిందెలెత్తినాననా?
అప్పుడు కుట్టు సరిగా ఎయ్యలేదా?"
ఎవరి తప్పూ కాదమ్మా, మచ్చలో ఒక్కోసారి సందుంటుంది,
గుడ్డిగా కడిగుంటే నెత్తురు ఆగేది కాదు, అంది డాక్టరు.
మా రిపోర్టులో ప్రతి లోపానికీ వెల్డరు నంబరు రాయాలి.
ఇక్కడ రాయడానికి నంబరు లేదు.
గాజువాకావిడ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను.
నేనూ ఒకసారి పగులుని గాలిబుడగ అన్నాను.

తెర మీద చూస్తూ సన్నటి సూది లోపలికి పంపారు,
మందు అక్కడే వదిలారు.
రెండు సంచుల రక్తం సిద్ధంగా ఉంచారు,
ఒకటి మా ఫిట్టర్ అప్పన్నది.
వాడవలసిన పని పడలేదు.
అప్పన్న ఇప్పటికీ నన్ను బాకీ అడుగుతాడు.

మినుకు ఆగిందని బయటికొచ్చి చెప్పారు.
శుభవార్త చెప్పినట్టే చెప్పారు.
చేతులు జోడించాను.
అవి ఎందుకు జోడించానో
బస్సు కాన్వెంట్ జంక్షన్ దాటాక గాని నాకు తట్టలేదు.

తర్వాతంతా అంకెలు.
జగదాంబ దిగువన ల్యాబులో వారం వారం నెత్తురిచ్చి
క్యాలెండరులో గ్యాస్ బుక్ చేసిన తేదీల పక్కన రాసేది.
ఇరవై రెండు వేలు.
ఇరవై నాలుగు. (పెరుగుతుందని ముందే చెప్పారు.
అయినా ఆ రాత్రి ఫ్యాను కింద ఇద్దరం కళ్ళు తెరుచుకునే ఉన్నాం.)
పద్నాలుగు. ఆరు. పంతొమ్మిది వందలు.
నాలుగు వందల పది.
ముప్పై ఒకటి.

మూడో నెలలో, ఇంక లేదు అని కాయితం వచ్చిన రోజు
అంతవరకూ ఏడవని మనిషి
గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా ఏడ్చింది.
హరిణి తన రబ్బరు బాతు తెచ్చి ఇచ్చింది.

ఆ అర్ధరాత్రి నా చెయ్యి లాగి
ఆ పాత కోత మీద పెట్టుకుంది.
"నీకు తెలుస్తాది గదా. సెప్పు, ఏటినిపిస్తంది?"
హార్బరులో ఏదో ఓడ కూత పెట్టింది.
నేను ఊపిరి బిగబట్టి విన్నాను.
"ఆకలేస్తోంది నీకు" అన్నాను.

లేచి దీపం వేసుకుని
గిన్నెలోనే
చద్దన్నం, ఎండు నెత్తళ్ళు
ఇద్దరం తిన్నాం.